కనబడాలి, వినబడకూడదు: అపార్ట్‌మెంట్‌లో టీనేజీ పిల్లలకో గది

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు, తిరుచానూరు రోడ్డు, కరకంబాడి రోడ్డు వైపు లేచిన అపార్ట్‌మెంట్లలో చిన్నపిల్లలకు జారుడుబల్ల ఉంటుంది. పెద్దవాళ్లకు వాకింగ్ దారి, ముసలివాళ్లకు వినాయకుడి గుడి ముందు రెండు బెంచీలు ఉంటాయి. పన్నెండు దాటి పద్దెనిమిది నిండని పిలకాయలకు మాత్రం మెట్ల మలుపే దిక్కు. అక్కడ నలుగురు చేరితే రెండో అంతస్తు ఆంటీ తలుపు తీసి, ‘ఏం పని మీకిక్కడ?’ అంటుంది. సెల్లార్‌లో బైకుల మీద కూర్చుంటే వాచ్‌మన్ లేపుతాడు. మిద్దె మీదికి పోదామంటే తాళం. చివరికి గేటు బయట టీకొట్టు దగ్గర తేలతారు. ఇంట్లోవాళ్లు భయపడేదీ దానికే.

ఇలాంటి పిల్లలకు ఉమ్మడి చోటు ఎలా ఏర్పాటు చేయాలన్నది కోహౌసింగ్ సముదాయాల్లో పాత ప్రశ్నే. కోహౌసింగ్‌లో ఎవరి ఇల్లు వాళ్లదే. పెద్ద వంటగది, హాలు, పెరడు, పనిముట్ల గది లాంటివి అందరివీ. వాటి గురించి నిర్ణయాలు కూడా అక్కడ ఉండేవాళ్లే కూర్చుని తీసుకుంటారు. డెన్మార్క్‌లో యాన్ గుడ్మన్ హోయర్ అనే ఆర్కిటెక్టు 1964లో కొందరు స్నేహితులతో ఈ ఆలోచన మొదలుపెట్టాడు. పిల్లలకు కన్నవాళ్లే కాక చుట్టూ ఎందరో పెద్దలు అమ్మానాన్నల్లా ఉండాలని 1967లో బోదిల్ గ్రా అనే రచయిత్రి పత్రికలో రాశాక చాలా కుటుంబాలు ముందుకొచ్చాయి. 1972లో సెట్టెడామెన్ అనే మొదటి సముదాయం తయారైంది. అమెరికాలో 1991లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో మ్యూర్ కామన్స్ వచ్చింది. అంటే ఈ పద్ధతి పుట్టుకలోనే చిన్నపిల్లలున్నారు. ఐదేళ్ల పిల్లకు పాతికమంది అత్తలూ మామలూ ఉండటం వరమే. పదిహేనేళ్లు వచ్చేసరికి అవే పాతిక జతల కళ్లు కాపలా అవుతాయి. ఆ పిల్లలు ఎదిగి అడిగే నాటికి ప్లానులో చోటు మిగలదు.

ఒకే ఆఫీసు ఉద్యోగులో, దగ్గరి బంధువులో కలిసి స్థలం కొని కట్టుకున్న గ్రూప్ హౌస్‌లు, ఇరవై ముప్పై ఫ్లాట్లకు ఒక అసోసియేషన్ ఉన్న అపార్ట్‌మెంట్లు తిరుపతి, చిత్తూరులకు బాగా అలవాటే. ఉమ్మడి హాలు, ఉమ్మడి ఖర్చు, నెలనెలా మెయింటెనెన్స్, జనరల్ బాడీ మీటింగు అన్నీ ఉన్నాయి. టీనేజీ గదికి కావలసిన సరంజామా అదే. గది పెట్టిన చోట్ల చాలావరకు అది రెండేళ్లలో ట్యూషన్ హాలుగానో, పాత సామాన్ల కొట్టుగానో మారిపోతుంది. డబ్బు చాలక ఇలా జరగడం అరుదు. గది ఎవరి చేతిలో ఉందో తేల్చకపోవడమే అసలు కారణం. పెద్దలు తొంగి చూడగలగాలి, తోసుకుని లోపలికి రాకూడదు. లోపలి పిల్లలు బయటికి కనబడాలి, వాళ్ల మాటలు బయటికి వినబడకూడదు. గోడలు, తలుపు, తాళం, తీర్మానం అన్నిటినీ ఈ కొలతతో చూసుకుంటే పని తేలికవుతుంది.

ముందు చేయాల్సింది అడగడం కాదు, చూడటం

‘మీకేం కావాలి?’ అని పిల్లల్ని అడిగితే వచ్చే జవాబు ఎక్కడైనా ఒకటే: ఏసీ, వైఫై, పెద్ద టీవీ, ప్లేస్టేషన్. పెద్దలు గుండె బాదుకుని మీటింగు ముగిస్తారు. దానికి బదులు అపార్ట్‌మెంట్ ప్లాను కాగితం మీద, పిల్లలు ఇప్పటికే ఎక్కడ చేరుతున్నారో వారం రోజులు గుర్తు పెట్టుకోవాలి. ఏ చోటు, ఏ టైము, ఎంతమంది, ఆడపిల్లలెందరు అన్న నాలుగు గడులు చాలు. ఈ పనిని ఆ పిల్లల్లోనే ఇద్దరికి అప్పగిస్తే ఇంకా నిజమైన లెక్క వస్తుంది, పైగా పని వాళ్లదవుతుంది.

అలా గీసిన కాగితంలో సాధారణంగా బయటపడేవి మెట్ల మలుపు, మిద్దె మీద నీళ్ల ట్యాంకు చాటు, సెల్లార్‌లో లిఫ్టు పక్క మూల. మెట్ల మలుపును పిల్లలు ఊరికే ఎంచుకోరు. అక్కడ కూర్చుంటే పైనుంచి వచ్చేవాళ్లూ కిందినుంచి వచ్చేవాళ్లూ ముందే కనబడతారు. ఇష్టం లేకపోతే రెండు వైపులా జారుకోవచ్చు. మెట్లు కాబట్టి ఎదురెదురుగా కాకుండా ఎగుడుదిగుడుగా, పక్కపక్కన కూర్చోవచ్చు. ఎదురుగా కూర్చోబెడితే ఈ వయసు పిల్లలు ఇంటర్వ్యూలో ఉన్నట్టు బిగుసుకుంటారు. వచ్చేవాళ్లు కనబడటం, రెండు దారులుండటం, పక్కపక్కన కూర్చునే వీలు, ఈ మూడూ కొత్త గదిలోకి తెచ్చుకోవాలి. సోఫా సెట్టు కొని టీవీకి ఎదురుగా వేస్తే మూడూ పోతాయి.

టైము లెక్క కూడా ముఖ్యమే. బడి నాలుగింటికి వదిలినా ట్యూషన్లు అయ్యేసరికి ఏడున్నర. భోజనానికి ముందు వెనకా కలిపి ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఆదివారం మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా రద్దీ ఉంటుంది. మిగతా వేళల్లో గది ఖాళీగా కనబడుతుంది. ‘ఎవరూ వాడట్లేదు కదా’ అన్న మాట అక్కడే పుడుతుంది. ఆ మాట అనేవాళ్లు సాధారణంగా పగలు పదకొండింటికి చూసినవాళ్లు.

ఏ చోటు పనికొస్తుంది

మొదట సెల్లార్ సంగతి. పార్కింగుకు మంజూరైన జాగాను గదిగా మార్చడం ప్లానుకు విరుద్ధం. అది పక్కన పెట్టినా వాన ఉంది. తిరుపతికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. 2021 నవంబరు వరదలో నగరంలో ఎన్ని సెల్లార్లు మునిగాయో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. పైగా ఇప్పుడు సెల్లార్లలో ఎలక్ట్రిక్ స్కూటర్లు ఛార్జింగుకు పెడుతున్నారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే పొగ ముందు నిండేది ఆ అంతస్తులోనే. కరెంటు మీటర్ల ప్యానెల్ పక్క గది కూడా ఇదే కారణంతో వద్దు.

మిద్దె మీద రేకుల షెడ్డు అందరికీ ముందు తట్టే ఆలోచన. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో పగలంతా కాగిన స్లాబు, ఆ వేడిని సాయంత్రం ఆరు నుంచి పది దాకా వదులుతుంది. సరిగ్గా పిల్లలు వచ్చే వేళ. వాన పడితే రేకు మోతలో పక్కవాడి మాట వినబడదు. పక్కా కట్టడమైతే మున్సిపల్ అనుమతి కావాలి. మిద్దె అందరి ఉమ్మడి ఆస్తి కాబట్టి ఒక్కరు అడ్డం తిరిగినా పని ఆగుతుంది. ఇంకో ప్రమాదం కంటికి ఆనదు. పిట్టగోడ కనీసం మీటరు ఎత్తు ఉండాలి. దానికి ఆనించి అడుగున్నర ఎత్తు అరుగు కట్టారనుకోండి, దాని మీద నిలబడ్డ పిల్లవాడికి పిట్టగోడ మోకాళ్ల ఎత్తే. మిద్దె తప్ప గతి లేకపోతే అరుగును పిట్టగోడకు కనీసం ఆరడుగులు దూరంగా, నీళ్ల ట్యాంకు గోడకు ఆనించి కట్టుకోవాలి. స్లాబుకు తెల్లటి కూల్ రూఫ్ పెయింటు రెండు కోట్లు వేయాలి. రేకుకు బదులు షేడ్ నెట్ వాడాలి. అది ఆదివారాల చోటు అవుతుందే గానీ రోజువారీ గది కాదు.

పనికొచ్చేవి మిగతా రెండు. ఒకటి, కమ్యూనిటీ హాలును అడ్డగోడతో విడగొట్టి విడిగా తలుపు పెట్టిన భాగం. రెండు, ప్లానులోనే సొసైటీ ఆఫీసు అనో జిమ్ అనో చూపించి, రెండు డంబెల్స్‌తో దుమ్ము పట్టి ఉన్న గది. లిఫ్టు నుంచి కనబడే చోట ఉండాలి. చివరి మూల గది పిల్లలకు నచ్చవచ్చు కానీ ఆడపిల్లల ఇళ్లలో ఒప్పుకోరు. అదే అంతస్తులో టాయిలెట్ తప్పనిసరి. దానికోసం నాలుగంతస్తులెక్కి ఇంటికి పోవాల్సి వస్తే ఆడపిల్లలు రెండో వారం నుంచి రారు. ఎందుకు రావట్లేదో ఎవరికీ చెప్పరు కూడా.

కొలత విషయానికొస్తే, ఒక్కో మనిషికి పాతిక చదరపు అడుగులు లెక్క వేసుకోవచ్చు. ముప్పై ఫ్లాట్ల చోట ఒకేసారి చేరేది పన్నెండు పద్నాలుగు మంది దాటదు. 18 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, అంటే 360 చదరపు అడుగులు హాయిగా సరిపోతుంది. 200 చదరపు అడుగుల గదిలో కూడా నడుస్తుంది, కాకపోతే అప్పుడు ఒకే గుంపుకు చోటుంటుంది. పన్నెండేళ్లవాళ్లూ పదిహేడేళ్లవాళ్లూ ఒకే గుంపుగా కూర్చోరు. టేబుల్ టెన్నిస్ మీద ఆశ ఉంటే ముందే చెప్పుకోవాలి: బల్ల 9 అడుగులు, 5 అడుగులు. ఆడాలంటే చుట్టూ ఇంకో గదంత జాగా కావాలి. అది పెడితే గది మొత్తం అదే అవుతుంది. బల్ల ఎక్కడైనా వరండాలో వేయండి.

అరుగు, తలుపు, దీపం

కూర్చోడానికి మన వైపు అరుగును మించింది లేదు. రెండు గోడల వెంట కలిపి ముప్పై అడుగుల పొడవు, పదిహేడు పద్దెనిమిది అంగుళాల ఎత్తు, రెండడుగుల వెడల్పు. కింద ఇటుక గోడ ఆసరాలు, పైన కడప బండ. ఆసరాలు రెండున్నర అడుగులకొకటి పెట్టాలి. నాలుగడుగులకు ఒకటి పెట్టి ఖర్చు తగ్గించామనుకుంటే, ముగ్గురు ఒకేసారి దూకి కూర్చున్న రోజు బండ మధ్యకు చీలుతుంది. అంచును గుండ్రంగా అరగదీయించాలి, లేదంటే మోకాలి వెనక కోసుకుంటుంది. కింద ఖాళీల్లో చెప్పులు, స్కూలు బ్యాగులు పోతాయి. కడప బండ ఎండాకాలం చల్లగా ఉంటుంది, మరక అంతగా కనబడదు, ఊగదు, ఎవరూ ఎత్తుకుపోరు. చలికాలానికి నాలుగు జంపఖానాలు చాలు. ఒక మూల అరుగును రెండు మెట్లుగా కడితే మెట్ల మలుపు కూర్చోబడి అక్కడికి వచ్చేస్తుంది. పిల్లలు ముందు ఆక్రమించేది ఆ మూలనే.

తలుపు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర మొదలై ఐదున్నర దాకా టఫెన్డ్ గ్లాసు పట్టీ ఉండాలి. అరుగు మీద కూర్చున్నవాళ్ల తలలు దారిన పోయేవాళ్లకు కనబడతాయి. చేతిలో ఫోనులో ఏముందో, ఒడిలో ఏ పుస్తకముందో కనబడదు. పెద్దలకు అంత చాలు. లోపలి వైపు గడియ ఉండకూడదు, బయటినుంచి ఎప్పుడైనా తెరుచుకునే తాళమే ఉండాలి. సీసీ కెమెరా గది లోపల పెట్టొద్దు. పెడితే పిల్లలు మళ్లీ ట్యాంకు చాటుకే పోతారు. తలుపు బయట, వచ్చేపోయేవాళ్లు కనబడేలా ఒకటి చాలు. రెండో దారి కూడా కావాలి. మంటలొస్తే తప్పించుకోవడానికి అది అవసరం, గొడవ వస్తే మొహం చాటేయడానికీ పనికొస్తుంది. తలుపు పక్కన మంటలార్పే నాలుగు కిలోల ఏబీసీ పౌడరు సిలిండరు తగిలించి, దాన్ని ఎలా వాడాలో పిల్లలకు ఒకసారి చేసి చూపించాలి.

కరెంటు లెక్క చిన్నదే. తక్కువ కరెంటు లాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 30 వాట్లు. 20 వాట్ల ఎల్ఈడీ ట్యూబులు నాలుగు. రూటరు, ఛార్జర్లు కలిపి 80 వాట్లు. మొత్తం 250. రోజుకు నాలుగు గంటలైతే నెలకు ముప్పై యూనిట్లు. 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒక్కటి ఈ లోడును నాలుగు గంటలు నడుపుతుంది. ఎండాకాలపు కోతలకు, వానాకాలపు ట్రిప్పులకు అది సరిపోతుంది. ఏసీ పెడితే ఒక్కటే ఒకటిన్నర కిలోవాట్లు లాగుతుంది, ఇన్వర్టరు మీద నడవదు. బిల్లు పెరిగినప్పుడల్లా సెక్రటరీ వచ్చి ఆపేస్తాడు, ఆ తర్వాత గది మొత్తం ఏసీ గొడవగా మారుతుంది. అందుకని వద్దు. ఎదురెదురు కిటికీలు, మూడు ఫ్యాన్లు చాలు. ప్లగ్గులు అరుగు ఎత్తుకు ఆరంగుళాలు పైన పెట్టాలి. ఆ లైనుకు షాక్ కొడితే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చు వేయించాలి. తడి చేతుల్తో ఛార్జర్ పెట్టే వయసు ఇది. లైట్లు రెండు స్విచ్చుల కింద విడగొట్టాలి. ఒకదానికి తెల్లటి ట్యూబులు, ఇంకోదానికి పసుపు వెలుగు చిన్న బల్బులు. ఒక్క తెల్ల ట్యూబే ఉంటే బ్యాంకులా ఉంటుంది. పసుపు బల్బులు మాత్రమే ఉంటే పెద్దలకు అనుమానాలొస్తాయి.

గ్యాసు, ఇండక్షన్ పొయ్యి లోపలికి రానివ్వొద్దు, కెటిల్ ఒకటి చాలు. బొరుగులు, బజ్జీలు బయటినుంచి వస్తాయి, వద్దన్నా వస్తాయి. మూత ఉన్న చెత్తబుట్ట, దాన్ని రోజూ రాత్రి బయట పెట్టే వంతు లేకపోతే పది రోజుల్లో ఎలుకలు చేరతాయి.

మోత

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మోత మీదే. 2000 నాటి శబ్ద నియంత్రణ నిబంధనల ప్రకారం ఇళ్లున్న ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 పరిమితి. పిల్లలు మాట్లాడుకునే మాట మూసిన తలుపు దాటి ఆ హద్దు మీరడం కష్టం. పక్కింటివాళ్లను లేపేది గాలిలో వచ్చే మాట కంటే గోడలో, స్లాబులో పాకే దెబ్బ. క్యారమ్ స్ట్రైకరు, కుర్చీ ఈడ్చడం, తలుపు ధడేలుమనడం, అరుగు మీద పెట్టిన స్పీకరు బేస్ అన్నీ ఈ రకమే.

కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించడం చాలాచోట్ల కనబడుతుంది. అవి శబ్దాన్ని బయటికి పోకుండా ఆపవు. గదిలోపల మారుమోగే మోతను కాస్త తగ్గిస్తాయి, అంతే. పైగా నిప్పు తగిలితే భగ్గున అంటుకుంటాయి. ఆ డబ్బుతో చేయాల్సినవి వేరే ఉన్నాయి. తలుపు బోలుది కాకుండా 35 మిల్లీమీటర్ల గట్టి ఫ్లష్ డోర్ పెట్టాలి. చుట్టూ రబ్బరు పట్టీ, కింద సందు మూసే బ్రష్ వేయాలి. కింద అరంగుళం సందు వదిలేస్తే ఎంత గట్టి తలుపైనా దండగే. డోర్ క్లోజరు బిగిస్తే ధడేలు మోత ఆగుతుంది. క్యారమ్ స్టాండు కాళ్లకు రబ్బరు బుషులు, కింద దళసరి పట్టా వేయాలి. స్పీకరు గోడకు బిగించకూడదు, అరుగు మీద పెట్టకూడదు. మందపాటి రబ్బరు ముక్క మీద, వేరే స్టూలుపై పెట్టాలి. పక్కింటి పడకగదితో కలిసిన గోడ వైపు పుస్తకాల బీరువా నిలపాలి.

ఇవన్నీ చేశాక కూడా ఫిర్యాదు వస్తుంది. వచ్చినప్పుడు వాట్సప్ గ్రూపులో పెట్టకూడదన్నది ముందే రాసుకోవాలి. గ్రూపులో పడ్డ ఫిర్యాదు పిల్లల తల్లిదండ్రుల మధ్య పోట్లాటగా మారడానికి పావుగంట చాలు. కింద చెప్పబోయే ఇద్దరు పెద్దలకు ఫోన్ చేయాలి, అంతే.

గదిని మింగేసేవి

తిరుపతిలో ఇలాంటి గదికి మూడు గండాలుంటాయి. వీటిలో ఒకటి మరే ఊళ్లోనూ ఇంతగా ఉండదు: దర్శనానికొచ్చే చుట్టాలు. బ్రహ్మోత్సవాలకు, వైకుంఠ ఏకాదశికి, వేసవి సెలవులకు ప్రతి ఇంటికీ బంధువులు దిగుతారు. ‘ఒక్క రాత్రే కదా, నలుగురికి చాపలేస్తాం’ అని మొదటి తాళంచెవి అడుగుతారు. కాదనలేం. మరుసటి వారం ఇంకో ఇల్లు అడుగుతుంది. మే నెలలో, పిల్లలకు సెలవులున్నప్పుడు, గదినిండా సూట్‌కేసులుంటాయి. దీనికి ‘చుట్టాలకు ఇవ్వబడదు’ అని రాస్తే చాలదు, ఎవరూ ఆ మాట మొహం మీద చెప్పలేరు. కమ్యూనిటీ హాలులో ఒక బీరువాలో పది చాపలు, పది దిండ్లు పెట్టి, చుట్టాలకు ఆ హాలు రాత్రి పది నుంచి ఉదయం ఏడు దాకా ఇస్తామని తీర్మానంలో చేర్చాలి. అడిగినవాళ్లకు చూపించడానికి ఇంకో తలుపు ఉంటే ఈ తలుపు భద్రం.

రెండోది చదువు. ‘ఊరికే కూర్చునే బదులు ఆ గదిలో స్టడీ అవర్ పెడదాం, మా పిలకాయలు చదువుకుంటారు గదా’ అని మొదటి మీటింగులోనే ఒక తండ్రి అంటాడు, తక్కినవాళ్లు తలూపుతారు. అక్కడితో గది అయిపోయింది. రోజంతా బడిలో, ట్యూషన్లో కూర్చుని వచ్చిన పిల్ల మళ్లీ ఒక కుర్చీ కోసం కిందికి దిగదు. చదువుకునే చోటు నిజంగా అవసరమే, ఇరుకు ఇళ్లలో మరీ అవసరం. దానికి పొద్దున ఐదు నుంచి ఏడున్నర దాకా, మార్చి పరీక్షల ముందు రెండు నెలలు రాత్రి తొమ్మిదిన్నర తర్వాత గంటన్నర కేటాయించవచ్చు. సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మాత్రం చదువుకు ఇవ్వకూడదు.

మూడోది సామాన్లు. సైకిలు, పాత కూలరు, వినాయక చవితి పందిరి కర్రలు. మొదటి కూలరు లోపలికి వచ్చిన రోజే బయటికి పోవాలి. వారం ఆగితే దాని పక్కన ఇంకోటి చేరుతుంది.

తాళంచెవి ఎవరి దగ్గర

ఉమ్మడి ప్రాంతాల్లో ప్రతి ఫ్లాటు యజమానికీ విడదీయని వాటా ఉంటుంది. అందుకే నోటిమాటతో గది ఇస్తే కొత్త కమిటీ వచ్చిన రోజు పోతుంది. జనరల్ బాడీలో తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో రాయాలి. గది దేనికో, ఏ వయసువాళ్లకో, ఏ వేళల్లోనో, కనీసం మూడేళ్ల గడువు, మార్చాలంటే మళ్లీ జనరల్ బాడీయే మార్చాలన్న షరతు అందులో ఉండాలి. ‘సభ్యుల పిల్లలు’ అని రాయొద్దు, ‘ఈ ఆవరణలో నివసించే పిల్లలు’ అని రాయాలి. తిరుపతిలో ఉద్యోగాల కోసం వచ్చి అద్దెకున్నవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. ఏది విరిగినా మొదటి వేలు అద్దెవాళ్ల పిల్లల వైపే చూపిస్తుంది. సెల్లార్ గదిలో ఉండే వాచ్‌మన్ కొడుకు, కూతురు కూడా ఆ వాక్యంలోకి రావాలి. ఇది రాసేటప్పుడు ఒకరిద్దరు నసుగుతారు. మౌనంగా వదిలేస్తే ఆ పిల్లలు తలుపు దాకా వచ్చి ఆగిపోతారు.

పిల్లల తరఫున నలుగురి కమిటీ పెట్టాలి. ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరు మగపిల్లలు, అందులో కనీసం ఒకరు పద్నాలుగేళ్ల లోపు. పెద్దల తరఫున ఒక ఆవిడ, ఒక ఆయన. వాళ్లు ప్రెసిడెంటో సెక్రటరీయో కాకూడదు. ఎక్కువ గోల చేసే పిల్లవాడి తల్లిదండ్రులు అసలే కాకూడదు. తాళంచెవులు మూడు: ఒకటి పిల్లల కమిటీ దగ్గర, ఒకటి ఆ ఇద్దరు పెద్దల దగ్గర, ఒకటి వాచ్‌మన్ దగ్గర అత్యవసరానికి. పెద్దలెవరు వచ్చినా తలుపు తట్టి, జవాబు వచ్చాక లోపలికి రావాలి. ఏ పెద్దవాళ్లూ ఒక్క పిల్లతోనో పిల్లవాడితోనో ఆ గదిలో ఒంటరిగా ఉండకూడదు. ఈ నియమం ఎవరి మీదా అనుమానంతో పెట్టేది కాదని చెప్పి పెట్టాలి. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు తలుపు లోపలివైపు అంటించాలి. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిన సంగతి తెలిసినవాళ్లు ఫిర్యాదు చేసి తీరాలి. ‘మనలో మనం సర్దుకుందాం’ అనే వీలు అసోసియేషన్‌కు లేదు.

పిల్లలతో కలిసి రాసే ఒప్పందం ఒక్క పేజీ దాటకూడదు. రెండు పేజీలైతే ఎవరూ చదవరు. తొమ్మిదిన్నరకు స్పీకరు బంద్, పదికి తాళం (పరీక్షల ముందు చదువు వేళలు, సెలవులు తప్ప). చెత్త వంతు. విరగ్గొట్టినవాళ్లు చెప్తే సగం ఖర్చు, దాస్తే మొత్తం. సిగరెట్, వేప్, మందు లోపలికి వస్తే తెచ్చినవాళ్లు నెల రోజులు బయట. ఇక్కడ పెద్దలు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. ఒకడు సిగరెట్ కాలిస్తే గదికే తాళం వేస్తారు. దాంతో కాల్చినవాడు తప్పించుకుంటాడు, కాల్చని పదకొండు మందికి శిక్ష పడుతుంది, తర్వాతిసారి ఎవరూ ఏదీ చెప్పరు. తప్పు చేసినవాళ్లను బయట ఉంచాలి, గదిని తెరిచే ఉంచాలి. గది మూయక తప్పకపోతే మూడు రోజులకు మించకూడదు, ఎప్పుడు తెరుస్తారో మూసిన రోజే తలుపు మీద రాయాలి.

ఖర్చులో వందకు నలభై రూపాయలు కరెంటుకు, పాతిక అరుగుకు, పది తలుపుకు పోనిచ్చి, మిగతా పాతిక పిల్లల చేతికే ఏడాది పొడవునా వాడుకోమని ఇవ్వాలి. పెయింటు రంగు, క్యారమ్ బోర్డు, కర్టెన్లు వాళ్ల నిర్ణయం. గోడలకు నల్లరంగు వేస్తామంటే వేయనివ్వండి, ఏడాదిలో వాళ్లే మారుస్తారు. పెయింటు వేసే పని వాళ్లతోనే చేయిస్తే గీతలు తక్కువ పడతాయి. టీవీ మాత్రం మొదటి ఆరు నెలలు వద్దు. టీవీ, గేమ్ కన్సోల్ వచ్చిన గదిలో రిమోట్ నలుగురు మగపిల్లల చేతిలో ఉంటుంది, మిగతావాళ్లు ప్రేక్షకులవుతారు. క్యారమ్ కూడా తలుపుకెదురుగా నడిమధ్యలో వేస్తే అదే జరుగుతుంది. దాన్ని ఒక మూలకు నెట్టి, ఎదురు మూలలో రెండో కూడలి, అంటే మెట్ల అరుగూ పసుపు దీపాలూ ఉన్న చోటు, విడిగా ఉండేలా చూడాలి. లోపలికి అడుగుపెట్టిన పిల్ల మగపిల్లల గుంపును దాటకుండానే తన చోటుకు చేరగలిగితే ఆడపిల్లలు నిలబడతారు. ‘ఆడపిల్లలకు మంగళ, గురువారాలు’ లాంటి ఏర్పాటు మొదట్లో ధైర్యం ఇవ్వవచ్చు. ఆర్నెల్లయినా అదే కొనసాగితే మిగతా ఐదు రోజులూ మగపిల్లలవే అన్న అర్థం స్థిరపడుతుంది.

వైఫై గురించి ఎక్కువ మథన పడక్కర్లేదు. వేరే నెట్‌వర్క్, రాత్రి పదికి దానంతట అదే ఆగేలా రూటరులో టైమరు, పెద్దల సైట్లు ఆపే ఫిల్టరు. ప్రతి ఫోనులోనూ సొంత డేటా ఉన్నప్పుడు ఆ ఫిల్టరు చేసేది కొంతే.

పదో తరగతి తర్వాత

మన దగ్గర ఈ గదుల్ని చంపేది క్యాలెండరు. పదో తరగతి పరీక్షలు మార్చిలో మొదలై ఏప్రిల్ మొదట్లో ముగుస్తాయి. జూన్‌లో ఆ బ్యాచ్‌లో చాలామంది ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలకు వెళ్లిపోతారు. గదిని నిలబెట్టిన పదిహేనేళ్లవాళ్లు ఒక్క నెలలో మాయమవుతారు. తాళంచెవి ఎవరి దగ్గరుందో, స్పీకరు ఎవరిదో, ఎవరికెంత బాకీయో తెలిసినవాళ్లు ఎవరూ మిగలరు. పన్నెండేళ్లవాళ్లకు గది తమదనిపించే లోపే కూలరు లోపలికి వస్తుంది.

కాబట్టి అప్పగింత ఏప్రిల్, మే నెలల్లో జరగాలి. పాత కమిటీ, కొత్త కమిటీ ఆ నెలల్లో కలిసి నడపాలి. డబ్బు లెక్క పుస్తకం, సామాన్ల జాబితా, తాళంచెవి ఇద్దరు పెద్దల ముందు చేతులు మారాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఒకరైనా ఎప్పుడూ కమిటీలో ఉండాలన్న నియమం ఇందుకే.

హాస్టళ్లకు వెళ్లినవాళ్ల సంగతి కూడా చూడాలి. దసరాకు, సంక్రాంతికి, వేసవికి ఇంటికొచ్చేసరికి వాళ్లకు కాలనీలో స్నేహితులు ఉండరు, గదిలో కొత్త రాజ్యం ఉంటుంది. పదిహేడేళ్లవాడు వచ్చి క్యారమ్ బోర్డు లాక్కుంటే పదమూడేళ్లవాళ్లు పది రోజులు మొహం చూపించరు. సెలవుల్లో వేళలు పెంచాలి. మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర చిన్నవాళ్లకు, ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర అందరికీ, ఎనిమిదిన్నర నుంచి పదిన్నర పెద్దవాళ్లకు. స్పీకరు మాత్రం సెలవుల్లోనూ తొమ్మిదిన్నరకే ఆగాలి. గంగమ్మ జాతర రోజుల్లో ఈ లెక్కలేవీ నిలవవు, వదిలేయొచ్చు.

ఒకే ఏడాది ఫ్లాట్లు కొన్నవాళ్ల పిల్లలు దాదాపు ఒకేసారి ఎదుగుతారు. ఏడెనిమిదేళ్లకు ఆ అపార్ట్‌మెంట్‌లో టీనేజీ పిల్లలు ముగ్గురో నలుగురో మిగులుతారు. అప్పుడు గదిని తీసేయాలా అన్న ప్రశ్న ప్రతి జనరల్ బాడీలోనూ వస్తుంది. ఏటా మే నెలలో ఆవరణలోని పన్నెండు నుంచి పదిహేడేళ్ల పిల్లల్ని లెక్కబెట్టి తీర్మానం వెనక పేజీలో రాసుకుంటూ పోతే జవాబు కాగితం మీదే ఉంటుంది. ఐదుగురికి తగ్గితే పగటి వేళలు పెద్దవాళ్ల పేకాటకో, భజనకో ఇవ్వవచ్చు. అరుగు వాళ్లకూ పనికొస్తుంది. సాయంత్రం ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర మాత్రం, పిల్లలు ఇద్దరే ఉన్నా, వాళ్లకే ఉంచాలి.